చౌషెస్కూ గురించి మీరడిగినవి

రెండు వారాల కిందట ఒక పాఠకుడు "దేశం మీదున్న విదేశీ అప్పంతా తీర్చేసిన నాయకుడు ప్రపంచంలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. రొమేనియాని 1965 నుంచి 1989 దాకా ఏలిన నికొలాయ్ చౌషెస్కూ పేరు చెప్పి, "అప్పు తీర్చిన ఏడాదే ఆయన్ని గోడ ముందు నిలబెట్టి కాల్చేశారు" అని ఒక్క ముక్కలో ముగించాను. అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ మొదలయ్యాయి. కొందరు కథ మొత్తం చెప్పమన్నారు, కొందరు తిట్టారు. ఈ వారం శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను, సినిమా ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: ఇంతకీ ఎవరండీ ఈయన? మిలటరీ జనరలా? విప్లవం నడిపిన నాయకుడా? అంత అధికారం చేతికెలా వచ్చింది? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: రెండూ కాదు. 1918లో స్కోర్నిచెష్టి అనే పల్లెటూళ్లో, ఇంటినిండా పిల్లలున్న పేద రైతు కుటుంబంలో పుట్టాడు. పదకొండేళ్లకి రాజధాని బుకారెస్టు వచ్చి చెప్పులు కుట్టే దుకాణంలో పనికి కుదిరాడు. పదిహేనేళ్లకి మొదటిసారి అరెస్టయ్యాడు. అప్పట్లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండేది, 1944 నాటికి కూడా ఆ పార్టీకి సభ్యులు వెయ్యి మంది చుట్టుపక్కలే అంటారు. అంటే అందులో ఉండి జైలుకెళ్లిన ప్రతి కుర్రాడూ పార్టీకి ముఖ్యుడే. ఈయన నేర్చుకున్న రాజకీయమంతా జైళ్లలోనే, పైగా రెండో ప్రపంచ యుద్ధం చివర్లో టర్గు జియు అనే క్యాంపులో పార్టీ పెద్ద గ్యోర్గ్యు-డెజ్‌తో కలిసి ఉండే అవకాశం దొరికింది. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన పరిచయం అదే.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1944 ఆగస్టులో హిట్లర్ పక్షాన ఉన్న ప్రభుత్వాన్ని రాజే కూలదోశాడు, సోవియట్ సైన్యం దేశంలోకి వచ్చింది, 1947 డిసెంబరు 30న ఆ రాజు చేతే పదవీత్యాగం చేయించారు. డెజ్ దేశాన్ని ఏలుతుంటే చౌషెస్కూ ముందు వ్యవసాయ శాఖలో, సైన్యంలో తిరిగి, 1950లలో పార్టీ సిబ్బంది వ్యవహారాలు చూసే కార్యదర్శి అయ్యాడు. ఈ పదవి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఏ జిల్లాకి ఎవరు కార్యదర్శి, ఎవరికి ప్రమోషన్, ఎవరి మీద ఫిర్యాదు ఉంది, ఎవరి బావమరిది ఎక్కడ పని చేస్తున్నాడు, ఈ ఫైళ్లన్నీ ఆయన బల్ల మీద నుంచే కదిలేవి. ఉపన్యాసం ఇవ్వబోతే నత్తి వచ్చేది, చదువు తక్కువ, సీనియర్లు నవ్వుకునేవాళ్లు. కానీ కింది స్థాయిలో సగం మందికి ఉద్యోగం ఆయన వేసిందే.

1965 మార్చిలో డెజ్ క్యాన్సర్‌తో పోయాడు. పోటీలో పార్టీ సీనియర్ అపోస్టల్ ఉన్నాడు, పోలీసు శాఖ చేతిలో పెట్టుకున్న డ్రగీచ్ ఉన్నాడు. వీళ్లలో ఎవరొచ్చినా తమకి ముప్పే అనుకున్న పెద్దలు, ముఖ్యంగా ప్రధాని మౌరర్, 47 ఏళ్ల చౌషెస్కూ అయితే చెప్పినట్టు వింటాడని లెక్క వేసుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి ఆయన డెజ్ కాలంలో అన్యాయంగా ఉరి... కాదు, కాల్చి చంపబడ్డ పట్రష్కాను అనే పాత కమ్యూనిస్టు కేసు తిరగదోడించి, ఆ పాపమంతా డ్రగీచ్ నెత్తిన రుద్ది పంపించేశాడు. జనానికి అది న్యాయంలా కనిపించింది, నిజానికి కొంత న్యాయమే కూడా. పోటీదారు పోయాడు, మంచిపేరు మిగిలింది. విప్లవంలో కంటే సిబ్బంది విభాగంలోనే నియంతలు ఎక్కువగా తయారవుతారని నా అనుమానం.

ప్రశ్న: కమ్యూనిస్టు అంటున్నారు, మళ్లీ అమెరికా అధ్యక్షుడూ ఇంగ్లండ్ రాణీ నెత్తిన పెట్టుకున్నారంటున్నారు. ఇదెలా కుదిరింది? (డిగ్రీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: అమ్మా, దీనికి జవాబు ఒక తేదీలో ఉంది. 1968 ఆగస్టు 21. ముందురోజు రాత్రి సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి చొరబడ్డాయి. సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి వార్సా ఒప్పందంలో ఉన్న రొమేనియా ఆ దాడికి సైన్యం పంపలేదు. ఆ రోజు చౌషెస్కూ బుకారెస్టు నడిబొడ్డున పార్టీ కార్యాలయం బాల్కనీలోకి వచ్చి, లక్ష మంది దాకా ఉన్న జనం ముందు, ఇది ఘోరమైన తప్పు, ఐరోపా శాంతికే ప్రమాదం అని మాస్కోని బహిరంగంగా ఖండించాడు. రేపు ట్యాంకులు మన మీదికొస్తే ఎదురునిలుస్తాం, కార్మికులకి ఆయుధాలిస్తాం అన్నాడు. ఆ చప్పట్లు ఎవరూ కొట్టించినవి కావు. అప్పటిదాకా పార్టీ అంటే పడని రచయితలు కూడా ఆ వారంలో పార్టీ సభ్యత్వం తీసుకున్నారు. తర్వాత ఆయన చేతుల్లో నానా బాధలు పడి దేశం విడిచిపోయిన పౌల్ గోమా కూడా అందులో ఒకడు.

నన్నడిగితే ఆయన పాలన మొత్తం ఆ ఒక్క రోజు తెచ్చిన పెట్టుబడి మీదే నడిచింది. "దేశం పరువు నేనే నిలబెట్టాను" అన్న మాట ఆ రోజు నిజం. తర్వాత ఇరవై ఏళ్లు ఆ మాటే చూపించి ఏం కావాలంటే అది చేశాడు.

పాశ్చాత్యులకి కావలసింది కూడా ఇంతే. మాస్కోకి ఎదురు తిరిగేవాడు కావాలి, ఇంట్లో పెళ్లాం పిల్లల్ని కొడతాడా లేదా అన్నది వాళ్లకి అనవసరం. 1969 ఆగస్టులో నిక్సన్ బుకారెస్టు వెళ్లాడు. 1972లో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)లో చేర్చుకున్నారు, 1975లో అమెరికా వాణిజ్య రాయితీలిచ్చింది, 1978లో బ్రిటన్‌లో రాణీగారి గుర్రపు బండిలో ఊరేగింపు, దానిమీద ఒక సర్ బిరుదు. విమానాల తయారీ ఒప్పందం ఉంది కాబట్టి మర్యాదలు ఘనంగా చేశారు. ఆ బిరుదు ఎప్పుడు వెనక్కి తీసుకున్నారో తెలుసా? 1989 డిసెంబరు 24న. ఆయన్ని కాల్చింది 25న. సోవియట్ కూటమి అంతా 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ని బహిష్కరిస్తే రొమేనియా మాత్రం వెళ్లి 20 బంగారు పతకాలు పట్టుకొచ్చింది, అమెరికన్లు స్టేడియంలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది చలికాలంలో ఆ క్రీడాకారుల తల్లిదండ్రులు ఇంట్లో కోటు వేసుకుని పడుకుంటున్నారన్న సంగతి ఎవరికి పట్టింది?

ఇంకొక తేదీ కూడా గుర్తుపెట్టుకో. 1971లో చైనా, ఉత్తర కొరియా చూసొచ్చాడు. ప్యాంగ్యాంగ్‌లో వేలమంది ఒకే అడుగు వేస్తూ నాయకుడి బొమ్మలు పట్టుకుని నడవడం చూసి మనసు పారేసుకున్నాడు. తిరిగొచ్చిన నెలలోనే రచయితలూ టీవీ సినిమావాళ్లూ అందరూ పార్టీ చెప్పిందే చెయ్యాలని సిద్ధాంతాలు ప్రకటించాడు. 1974లో దేశాధ్యక్షుడైనప్పుడు చేతిలో రాజదండం కూడా పట్టుకున్నాడు, అవును, కమ్యూనిస్టు రాజ్యంలో. చిత్రకారుడు డాలీ వెటకారంగా "రాజదండం ప్రవేశపెట్టినందుకు అభినందనలు" అని టెలిగ్రాం కొడితే పార్టీ పత్రిక దాన్ని నిజమైన పొగడ్త అనుకుని అచ్చువేసింది.

ప్రశ్న: మన దగ్గర జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని నాయకులు చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఎత్తేశారు. రొమేనియాలో కూడా ఇలాగే చేశారని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా? (గృహిణి, గుంటూరు)

జవాబు: కనండి అని చెప్పడం వేరు, కనకపోతే జైలు అనడం వేరు. అక్కడ జరిగింది రెండోది. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే నాకు కడుపు రగిలేది ఇదే.

1957 నుంచి రొమేనియాలో గర్భస్రావం చట్టబద్ధం. గర్భనిరోధక మాత్రలూ అవీ దొరక్కపోవడంతో ఆడవాళ్లు దానిమీదే ఆధారపడ్డారు, 1965 నాటికి ఒక కాన్పుకి నాలుగు గర్భస్రావాలు. జననాల సంఖ్య పడిపోయింది. పెద్ద దేశం కావాలి, కార్మికులు కావాలి, సైనికులు కావాలి అని చౌషెస్కూ 1966 అక్టోబరులో 770వ నంబరు డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) తెచ్చాడు. 45 ఏళ్లు దాటితేనో, నలుగురు పిల్లలుంటేనో, ప్రాణం మీదికొస్తేనో, ఇలాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప గర్భస్రావం నేరం. మాత్రలు బజార్లో మాయం. పెళ్లి కాకపోయినా, పెళ్లై పిల్లలు లేకపోయినా 25 దాటితే జీతంలో పన్ను కోత. కడుపులో బిడ్డ సమాజం ఆస్తి అని ఆయనే అన్నాడు.

మొదటి ఏడాది లెక్క చూడండి. 1966లో పుట్టినవాళ్లు 2 లక్షల 73 వేలు, 1967లో 5 లక్షల 27 వేలు. ఒక్క ఏడాదిలో రెట్టింపు. ఆసుపత్రుల్లో ఒక మంచానికి ఇద్దరు బాలింతలు, ఆరేళ్ల తర్వాత బడుల్లో షిఫ్టులు. ఆ తర్వాత జనం దొంగదారులు వెతుక్కున్నారు, సంఖ్య మళ్లీ దిగింది. అప్పుడు ఆయన ఇంకా బిగించాడు. 1980లలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకి నెలలు తప్పారా లేదా అని తనిఖీలు పెట్టించాడు. ఒకసారి గర్భం అని రాసుకున్నాక కాన్పు కాకపోతే విచారణ. ప్రసూతి వార్డుల దగ్గర పోలీసులు. గర్భం పోగొట్టుకోబోయి రక్తస్రావంతో ఆసుపత్రికొచ్చిన మనిషిని, ఎవరు చేశారో పేరు చెబితేనే వైద్యం అని బల్ల మీద పడుకోబెట్టి ప్రశ్నలు అడిగిన సందర్భాలున్నాయి. పేరు చెప్పకుండా చచ్చిపోయినవాళ్లున్నారు. ఇరవై మూడేళ్లలో ఇలా పోయిన ఆడవాళ్లు తొమ్మిది, పది వేలమంది దాకా ఉంటారని అంచనా. వాళ్లలో చాలామందికి అప్పటికే ఇంట్లో పిల్లలున్నారు. ప్రసవ సంబంధ మరణాల్లో ఐరోపా మొత్తంలో రొమేనియాదే మొదటి స్థానం. చౌషెస్కూని కాల్చిన మర్నాడే, 1989 డిసెంబరు 26న, కొత్త ప్రభుత్వం ఈ నిషేధాన్ని రద్దు చేసింది. ఒక్క ఏడాది తిరిగేసరికి ఆ మరణాలు సగానికి పడిపోయాయి. దీనికి ఇంకే సాక్ష్యం కావాలి?

కన్నవాళ్లు పోషించలేని పిల్లలంతా ప్రభుత్వ అనాథాశ్రమాలకి చేరారు. 1989 చివర్లో లక్షమందికి పైనే. 1990లో విదేశీ కెమెరాలు లోపలికెళ్లాక మంచాలకి కట్టేసిన, మూడేళ్లొచ్చినా మాటలు రాని పిల్లల బొమ్మలు ప్రపంచం చూసింది. వాళ్లలో చాలామంది అసలు అనాథలు కారు.

మనకిది విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే మన దేశం సరిగ్గా దీనికి తలకిందులుగా చేసింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, టార్గెట్ల కోసం ఊళ్లమీద పడి. మీ అత్తగారిని అడగండి, చెబుతారు. ఒకడు కనొద్దని బలవంతం, ఒకడు కనమని బలవంతం. మీ అబ్బాయికి చెప్పండి, చదువు బాగానే సాగుతోందని.

ప్రశ్న: మన రాష్ట్రాలు రెండూ అప్పుల్లో ములిగి ఉన్నాయి. ఆయన కనీసం అప్పు తీర్చాడుగా. అది కూడా తప్పేనా? (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

జవాబు: బ్యాంకు ఉద్యోగం చేసినవారు కాబట్టి ముందు అప్పు ఎందుకైందో చూద్దాం. 1970లలో పాశ్చాత్య బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి, ఆయన ఉక్కు కర్మాగారాలూ చమురు శుద్ధి కేంద్రాలూ కట్టాడు. ప్లోయెష్టి చమురు పుణ్యమా అని రొమేనియాకి సొంత చమురుంది, కానీ అది తగ్గుతున్న టైములో శుద్ధి కేంద్రాలని సొంత ఉత్పత్తి కంటే చాలా పెద్దవి కట్టించాడు. ముడి చమురు ఇరాన్ నుంచి తెచ్చుకోవచ్చు అనుకున్నాడు. 1979లో ఇరాన్ రాజు షా గద్దె దిగి పారిపోయాడు, చమురు ధర ఎగిరింది, వడ్డీలు ఎగిరాయి. 1981 నాటికి అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. పక్కన పోలండ్ బ్యాంకుల ముందు చేతులెత్తేసింది. బ్యాంకులవాళ్లు, ఐఎంఎఫ్ వాళ్లు వచ్చి షరతులు చెప్పేసరికి ఈయన పరువు పోయినట్టు ఫీలయ్యాడు. ఇదిగో ఇక్కడ మళ్లీ ఆ మాట. ఎవడి ముందూ తల వంచం, మొత్తం కట్టేద్దాం, గడువు కంటే ముందే కట్టేద్దాం అన్నాడు.

ఏంపెట్టి కట్టాలి? అమ్ముడుపోయేదంతా అమ్మాలి. మాంసం, గుడ్లు, వెన్న, పండ్లు, పెట్రోలు అన్నీ ఎగుమతి. దేశంలో ఉన్న జర్మన్ జాతివాళ్లు పశ్చిమ జర్మనీ వెళ్తామంటే, యూదులు ఇజ్రాయెల్ వెళ్తామంటే, తలకింత అని ఆ ప్రభుత్వాల దగ్గర డాలర్లు వసూలు చేసి మరీ పంపాడు. ఇక ఇంట్లో మిగిలిన వంటగది సంగతి: 1981 నుంచి రొట్టెకి రేషన్, చాలా ఊళ్లలో మనిషికి నెలకి లీటరు నూనె, కిలో పంచదార, అదీ దొరికితే. నెల అవసరానికి మించి సరుకు ఇంట్లో దాచుకుంటే జైలుశిక్ష వేసే డిక్రీ వచ్చింది. పంది మాంసం ఓడ ఎక్కేది, పంది కాళ్ళు దుకాణానికొచ్చేవి, జనం వాటికి అడిడాస్ అని పేరు పెట్టుకున్నారు. రొమేనియన్లు మితిమీరి తింటున్నారని, ఎన్ని క్యాలరీలు సరిపోతాయో చెబుతూ "శాస్త్రీయ ఆహార కార్యక్రమం" ఒకటి డాక్టర్ల చేత తయారు చేయించి పత్రికల్లో వేయించాడు. ఆకలికి కూడా సైన్సు సర్టిఫికెట్!

చలి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. అక్కడ జనవరిలో మంచు. ప్రభుత్వ వేడి గొట్టాల మీద బతికే ఫ్లాట్లలో 12, 14 డిగ్రీలకి మించి వేడి ఇవ్వలేదు. గదికొక 40 వాట్ల బల్బు. వంట గ్యాసు మంట రాత్రి పూట వస్తే లేచి పప్పు ఉడకబెట్టుకోవాలి. టీవీ రోజుకి రెండు గంటలు, అందులోనూ ఎక్కువ ఆయన ముఖమే. దక్షిణాన ఉన్నవాళ్లు డాబాల మీద ఏంటెన్నాలు కట్టి పక్కదేశం బల్గేరియా టీవీ చూస్తూ ఆ భాష నేర్చేసుకున్నారు.

1989 వసంతంలో అప్పు మొత్తం తీరిపోయిందని ప్రకటించాడు. ఇకపై దేశం విదేశీ అప్పు తీసుకోకూడదని చట్టం కూడా చేశాడు. జనం అంతా హమ్మయ్య, ఇక మాంసం దొరుకుతుంది అనుకున్నారు. దొరకలేదు. ఎగుమతులు ఆగలేదు, రేషన్ ఎత్తలేదు. నా లెక్కలో ఆయన కొంప మునిగింది అక్కడే. అప్పు కోసం అన్నాళ్లూ పళ్లబిగువున భరించినవాడికి ఇక భరించడానికి కారణం లేకుండా పోయింది. మన రాష్ట్రాల అప్పుల మీద మీ బాధ న్యాయమైనదే సార్, కానీ అప్పు తీర్చడానికి ఈయన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దు.

ప్రశ్న: ఇంత జరుగుతుంటే జనం నోరు మూసుకుని ఎందుకున్నారు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: అందరూ మూసుకోలేదు. 1977లో జియు లోయ బొగ్గు గనుల్లో పెద్ద సమ్మె జరిగితే చౌషెస్కూయే పరుగెత్తుకొచ్చి అన్నిటికీ ఒప్పుకున్నాడు, తర్వాత నాయకుల్ని ఒక్కొక్కరినీ ఏరి వేరే ఊళ్లకి పంపించేశారు. 1987 నవంబరు 15న బ్రషోవ్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీ కార్మికులు జీతాల కోతకి వ్యతిరేకంగా పార్టీ కార్యాలయం మీద పడ్డారు. లోపల చూస్తే జున్ను, మాంసం, కమలాపండ్లు! కోపం పట్టలేక కిటికీల్లోంచి బయటికి విసిరారు. తర్వాత అరెస్టులు, బలవంతపు బదిలీలు.

కానీ ఎక్కువమంది మాట్లాడలేదన్నది నిజం, దానికి కారణం సెక్యురిటాటె అనే రహస్య పోలీసు. పూర్తికాలం అధికారులు పదిహేను వేల చుట్టుపక్కలే, కానీ సమాచారం ఇచ్చేవాళ్లు లక్షల్లో. ఆఫీసులో పక్క సీటువాడు, పై ఫ్లాట్ పిన్నిగారు, చర్చి ఫాదరీ, ఎవరో తెలియదు. మీలాంటివాళ్లకి నచ్చే వివరం ఒకటి: 1983లో డిక్రీ ఒకటి తెచ్చి, దేశంలో టైపురైటర్ ఉన్న ప్రతివాడూ దాన్ని పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలన్నారు. ఏటా మెషీన్ పట్టుకెళ్లి అందులో అక్షరాలన్నీ కొట్టి నమూనా ఇవ్వాలి. ఎక్కడైనా కరపత్రం దొరికితే ఏ మెషీన్‌దో పట్టుకోవడానికి. విదేశీయుడితో మాట్లాడితే 24 గంటల్లో చెప్పాలి. అంటే కొట్టి భయపెట్టడం కంటే, "వాళ్లకి తెలిసిపోతుంది" అని నువ్వే అనుకునేలా చేయడం. అది చాలా చౌక పద్ధతి.

ప్రశ్న: ఆయన భార్య పెద్ద శాస్త్రవేత్త అని చిన్నప్పుడు ఎక్కడో చదివాను. (రాజమండ్రి)

జవాబు: ఎలీనా. ప్రాథమిక పాఠశాల మధ్యలో మానేసిన ఆవిడకి 1967లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ వచ్చింది. పరిశోధనలు వేరేవాళ్లు చేస్తే పేరు ఆవిడది. 1980 నుంచి మొదటి ఉపప్రధాని కూడా. విదేశాలకి వెళ్లినప్పుడల్లా అక్కడి విశ్వవిద్యాలయాల గౌరవ పట్టాలు కావాలని పట్టుబట్టేది, చాలామంది ఇచ్చారు కూడా. ఇచ్చినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

ప్రశ్న: మీరు కమ్యూనిజం మీద కక్షతో రాస్తున్నారు. అక్కడ అందరికీ ఇల్లు, ఉద్యోగం, ఉచిత చదువు ఉండేవి. ఈరోజు రొమేనియాలో చాలామంది ఆ రోజులే బాగున్నాయంటున్నారు. ఇది రాయరేం? (ఒక కామ్రేడ్, ఖమ్మం)

జవాబు: రాస్తాను కామ్రేడ్. 1960లు, 70ల మొదట్లో రొమేనియాలో బతుకు నిజంగానే మెరుగైంది. పల్లెల నుంచి లక్షల కుటుంబాలు కొళాయి నీళ్లున్న ఫ్లాట్లలోకి వచ్చాయి. 1968లో పితెష్టి దగ్గర మొదలైన డాచియా కార్ల ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, మన రోడ్ల మీద తిరిగిన రెనో డస్టర్ పుట్టింది డాచియా బ్రాండు కిందే. ఆ రోజుల్ని తలుచుకునేవాళ్లు ఉన్నారు, సర్వేలు కూడా అదే చెబుతున్నాయి. 1990ల్లో ఫ్యాక్టరీలు మూతపడి, ధరలు మండి, లక్షలమంది ఇటలీ, స్పెయిన్ కూలికి పోయాక యాభై ఏళ్ల మనిషికి కుదురైన ఉద్యోగం గుర్తురావడంలో తప్పేముంది? కానీ ఆ తలుచుకునేవాళ్లు 1985 జనవరిని తలుచుకోవడం లేదు.

ఇక కక్ష సంగతి. తెలంగాణ పల్లెల్లో దొరల మీద పోరాడి ప్రాణాలిచ్చినవాళ్లకీ, ఈయనకీ నేను లంకె పెట్టడం లేదు. మీరూ పెట్టకండి. బ్రషోవ్‌లో రోడ్డెక్కింది కార్మికులు, జియు లోయలో గనుల్లోంచి పైకొచ్చింది కార్మికులు. మీ పార్టీ కార్యాలయంలో ఎవరి పక్షాన మాట్లాడతారో ఆ ప్రకారమే చూడండి. 1989 మార్చిలో ఆయన మీద బహిరంగ లేఖ రాసిన ఆరుగురూ పాత కమ్యూనిస్టులే, అందులో ఒకప్పుడు ఆయనకి పోటీగా నిలబడ్డ అపోస్టల్ కూడా ఉన్నాడు.

ప్రశ్న: చివరికి ఏం జరిగింది? అది ప్రజా విప్లవం కాదు, సైనిక కుట్ర అని మా ఆఫీసులో ఒక రొమేనియన్ అన్నాడు. (తెలుగు పాఠకుడు, డల్లాస్)

జవాబు: ఆ గొడవ అక్కడ ఇంకా తెగలేదు, నా అభిప్రాయం చివర్లో చెబుతా. 1989 డిసెంబరు మధ్యలో టిమిశ్వారా నగరంలో లాస్లో టోకెష్ అనే హంగేరియన్ పాస్టర్‌ని ఇంట్లోంచి గెంటేయబోతే చర్చి జనం అడ్డం నిలబడ్డారు. వాళ్లకి ఊరు తోడైంది. 17న కాల్పులు. ఆసుపత్రి శవాగారం నుంచి 40కి పైగా శవాలు దొంగతనంగా బుకారెస్టు తరలించి కాల్చి బూడిద కూడా దొరక్కుండా చేశారు. ఇంత జరుగుతుంటే పెద్దమనిషి 18న ఇరాన్ పర్యటనకి వెళ్లాడు! అంత ధీమా.

20న తిరిగొచ్చి, 21న మధ్యాహ్నం బుకారెస్టులో పెద్ద సభ పెట్టించాడు. అదే భవనం, అదే బాల్కనీ, 1968లో నిలబడ్డ చోటే. ఫ్యాక్టరీల నుంచి జనాన్ని బస్సుల్లో తెచ్చి చేతికి జెండాలిచ్చారు. ఉపన్యాసం మొదలైన కొద్దిసేపటికే జనంలో ఎక్కడో కేకలు, తోపులాట. ఆయన చెయ్యి పైకెత్తి హలో, హలో అంటూ ఫోన్ కట్ అయినట్టు అరుస్తాడు, పక్కనుంచి ఎలీనా నిశ్శబ్దంగా ఉండండి అంటుంది. ఇది ప్రత్యక్ష ప్రసారం. కాసేపు టీవీ ఆపేశారు, కానీ ఆ ముఖంలో భయం దేశమంతా చూసేసింది. మళ్లీ మొదలుపెట్టి కనీస జీతం పెంచుతా, పిల్లల భత్యం పెంచుతా అన్నాడు. అది బేరం అని అందరికీ అర్థమైంది. ఆ రాత్రి వీధుల్లో కాల్పులు. 22 ఉదయం రక్షణమంత్రి మిలియా తూటా దెబ్బకి చనిపోయాడు, సైన్యం జనం వైపు తిరిగింది, మధ్యాహ్నానికి భార్యాభర్తలు పైకప్పు మీంచి హెలికాప్టర్ ఎక్కారు. సాయంత్రానికి టర్గోవిష్టె సైనిక శిబిరంలో బందీలు. 25న గంట సేపు కూడా సరిగ్గా జరగని విచారణ, వెంటనే కాల్చివేత. అరవై వేలమందిని చంపాడని ఆరోపణ పత్రంలో రాశారు. ఆ డిసెంబరులో దేశం మొత్తం మీద పోయినవాళ్లు 1,100 పైచిలుకు. అందులో ఎక్కువమంది చౌషెస్కూ పారిపోయాక చనిపోయారు, అదీ అసలు చిక్కు.

అధికారం అందుకున్న ఇలియెస్కూ కూడా ఒకప్పటి పార్టీ పెద్దే. కాబట్టి మీ సహోద్యోగి అనుమానానికి ఆధారం లేకపోలేదు. టిమిశ్వారాలో రోడ్డెక్కినవాళ్లని ఎవరూ పంపలేదు, వాళ్లు విప్లవమే చేశారు. దాని ఫలితాన్ని మాత్రం బుకారెస్టులో రెండో వరుసలో కూర్చున్నవాళ్లు ఎగరేసుకుపోయారు. అంత హడావుడి విచారణ ఎందుకంటే, ఆయన కోర్టులో నిలబడి నోరు విప్పితే ఎవరెవరి పేర్లు బయటికొస్తాయో వాళ్లకి బాగా తెలుసు.

ప్రశ్న: 2022లో ఉక్రెయిన్ నుంచి బయటపడి రొమేనియా మీదుగా ఇంటికొచ్చాను. బుకారెస్టులో కొండంత భవనం ఒకటి చూశాను. అది చౌషెస్కూ ఇల్లట, నిజమేనా? (వైద్య విద్యార్థి, నిజామాబాద్)

జవాబు: ఇల్లు కాదు, "ప్రజల భవనం" అని పేరు పెట్టి మొదలుపెట్టాడు. 1977 మార్చి భూకంపంలో దేశంలో 1,500 మందికి పైగా పోయారు, బుకారెస్టు బాగా దెబ్బతింది. ఆ సాకుతో పాత ఊళ్లో ఉరానస్ పేట మొత్తం నేలమట్టం చేయించాడు. నలభై వేలమంది దాకా ఇళ్లు వదలాల్సి వచ్చింది, కొందరికి కొద్ది రోజులే గడువు. చర్చిలు, ఆశ్రమాలు కూలాయి. ఇంజినీరు ఇయోర్డాకెస్కూ కొన్ని చర్చిల్ని పునాది కింద కోసి, కాంక్రీటు తొట్టెలో పెట్టి, పట్టాల మీద లాగి పక్కకి జరిపాడు. మిహాయ్ వోడా అనే చర్చి అలా 290 మీటర్ల దాకా ప్రయాణం చేసింది, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వెనకాల ఇరుక్కుని ఉంది, మళ్లీ వెళ్తే చూసిరా.

భవనానికి 1984లో శంకుస్థాపన. ప్రధాన వాస్తుశిల్పి ఆన్కా పెట్రెస్కూకి అప్పటికి ముప్ఫై అయిదేళ్లే. 3,65,000 చదరపు మీటర్లు, వెయ్యికి పైగా గదులు, పాలరాయి, క్రిస్టల్ షాండ్లియర్లు అన్నీ స్వదేశీ సరుకే. బయట 40 వాట్ల బల్బు రోజుల్లోనే ఇదంతా. పూర్తవకముందే ఆయన పోయాడు. కూల్చేద్దామా అని చర్చ జరిగింది, కూల్చడానికే బోలెడు ఖర్చని తేలి, పార్లమెంటుని అందులో పెట్టారు. ఇప్పటికీ చాలా గదులు ఖాళీ. లోపలికి టికెట్ ఉంటుంది, పాస్‌పోర్టు చూపించాలి, గైడుతో పాటే తిరగాలి.